తలుపు తట్టని విడిది

నెల్లూరు,
24 జనవరి 1961.

కొండక్కా,

నువ్వు ముత్తుకూరులో సముద్రపు గాలి పీలుస్తూ, కళ్ళంలో వడ్లు ఆరబోసుకుంటూ హాయిగా ఉన్నావని నాకు తెలుసు. అందుకని "ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నీ క్షేమం తెలుపగలవు" అన్న వాక్యం రాసి కొట్టేశాను. మా తెలుగు మాస్టారు రంగనాయకులుగారు క్లాసులో ఒక సంగతి చెప్పారు. "అమ్మాయిలూ, ఒక మాట రాసేముందు అరచేతిలో పెట్టుకుని బరువు చూడండి. బరువు లేకపోతే కింద పెట్టేయండి" అన్నారు. అది విన్నప్పటి నుంచి ఏ మాట చెవిన పడినా చెయ్యి చాపాలనిపిస్తోంది. హాస్టల్లో అన్నం తింటూ చారు బరువా, పులుసు బరువా అని ఆలోచిస్తుంటే పక్క పిల్లలు నవ్వుతున్నారు. నవ్వనీ.

అసలు సంగతికి వస్తాను. మార్చి నెలాఖరుకు నాయన రిటైరవుతున్నాడు. ఆయనకు రావలసిన రైలు పాసు ఒకటి ఉంది. అమ్మను, నన్ను తీసుకుని ఏదైనా ఊరు చూసి రావాలని నాయన ఆశ. మొన్న ఆదివారం నేను బిట్రగుంటకు పోయినప్పుడు ఈ చర్చ జరిగింది. పక్క క్వార్టర్సు నుంచి హెబ్రోను చిన్నాయన కూడా వచ్చి కూర్చున్నాడు. తనూ డ్రైవరే కాబట్టి, రైళ్ళ సంగతి ఏదైనా తను లేకుండా తేలకూడదని ఆయన పట్టుదల.

"కాశీకి పోండి వదినా" అన్నాడు చిన్నాయన. "నేను కిరస్తానపోణ్ణి, నేనే చెప్తుండా. పుణ్యానికి పుణ్యం, గంగలో మునకేస్తే చల్లదనానికి చల్లదనం."

"కాశీ కాదు, హైదరాబాదు" అన్నాడు నాయన. "రాజధాని. నవాబులేలిన వూరు. బెజవాడ దాటినాక ఎడం పక్కకు తిరిగే లైను చూసినావు గదా తమ్ముడా? ఇన్నేళ్ళూ అది అట్టా పోతానే ఉండాది, నేను ఇట్టా మళ్ళుకోని వస్తానే ఉండా. ఒక్క తూరి దాని ఎమ్మట పోవాల."

అక్కా, ఆ మాట నాకు ఎంత నచ్చిందో! నాయనకు కూడా చూడని దారి అంటే ఇంత కల ఉందని నాకు తెలియదు. అమ్మ గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "నీకేం చూడాలని ఉందమ్మా?" అన్నాను. అమ్మ తల ఎత్తకుండా అంది:

"యాడికైనా సరే. పెద్ద హోటల్లో పండుకోవాల."

"హోటల్లోనా? దోసెలు తినేదానికా వదినా?" అన్నాడు చిన్నాయన.

"కాదబ్బా. పండుకునేదానికి. మంచాలుండే హోటలు. బాగా గొప్పోళ్ళు దిగేది."

"మంచాలు మనింట్లో ల్యా?" అన్నాడు నాయన.

"ఉండాయి."

"ఉంటే మరి? ఇరవై ఆరేళ్ళు నా క్వార్టర్సులో పండుకుంటివి గదే, ముళ్ళేమన్నా గుచ్చుకున్యా?"

అమ్మ ఒక గింజ తీసి పక్కన పెట్టింది. నాయన ఆ పూట మజ్జిగ పోసుకోకుండా లేచాడు. తనవల్ల కాని గొప్పతనం ఏదో అమ్మ ఇన్నేళ్ళూ లోపల దాచుకుందని ఆయనకు కష్టం వేసింది. నాకూ ఆశ్చర్యమే. కొత్త చీరైనా నోరు తెరిచి అడగని మనిషి, నవాబుల ఊళ్ళో పెద్ద హోటలు అడగడమేమిటి?

చివరికి చిన్నాయనే తేల్చాడు. "కాలేజీ పిల్ల ఉండాది గదా, ఆ పిల్లనే ఏరమను. ఇంగ్లీషులో ఉత్తరాలు రాసి పారేస్తది." అట్లా ఈ బాధ్యత నా మీద పడింది. కాలేజీ లైబ్రరీలో యాత్రల పుస్తకం తీసి మూడు హోటళ్ళ చిరునామాలు రాసుకున్నాను. "బస" అన్న మాటా, "మకాం" అన్న మాటా, "విడిది" అన్న మాటా మూడింటినీ అరచేతిలో పెట్టి చూశాను. విడిది బాగుంది. అందులో మామిడాకులు కట్టి, నీళ్ళు చల్లి, ఎవరికోసమో ఎదురుచూస్తున్న ఇల్లు కనిపిస్తుంది. అమ్మకు విడిది వెతుకుతున్నాను, అక్కా.

బావగారికి నా నమస్కారాలు.

నీ చెల్లెలు
మస్తానమ్మ

*

నెల్లూరు,
20 ఫిబ్రవరి 1961.

అమ్మలాంటి అక్కా,

మూడు హోటళ్ళ నుంచీ జవాబులు వచ్చాయి! దళసరి కాగితాలు, రంగు బొమ్మలు. హాస్టలు వార్డెనుగారు ముందు అనుమానంగా చూసి, తర్వాత తనే కళ్ళద్దాలు పెట్టుకుని అన్నీ చదివి, "లేక్ మౌంటుకు పొండే, మా ఆయన బతికుంటే నేను అక్కడికే పోయేదాన్ని" అన్నారు.

రాయల్ దర్బారు హోటలు వాళ్ళకు మేడ మీదకు మనుషుల్ని లాక్కుపోయే పెట్టె ఉంది, భోజనాల వేళ పియానో వాయిస్తారు. లేక్ మౌంటు చెరువు గట్టు మీద ఉంది. గది కిటికీ తీస్తే నీళ్ళ మీది వెలుతురు వచ్చి పైకప్పు మీద ఆడుతుందట. మూడోది గుల్షన్ మహల్. ఒకప్పుడు ఏదో నవాబుగారి బంగళా. వాళ్ళ కాగితం పాతది, బొమ్మ ఒక్కటే ఉంది: పొడుగాటి వసారా, దాని చివర తోటలోకి తెరుచుకున్న ఒక తలుపు. మనుషులెవరూ లేరు. ఆ తలుపులోంచి అవతలికి పోతే ఏముంటుందా అని లాజిక్కు క్లాసంతా ఆలోచించాను. ప్యాసింజరులో బిట్రగుంటకు పోతూ పెన్న దాటుతుంటే ఎండిపోయిన ఇసుకంతా ఆ వసారా గచ్చులాగా తెల్లగా కనిపించింది. కోవూరు వైపు వరిచేలు దాని తోట. నేను అట్లా కలలోనే స్టేషన్లో దిగాను.

నాయన డ్యూటీలో ఉన్నాడు. వంటింట్లో అమ్మ పక్కన పీట వేసుకుని అన్నీ తెలుగులో చెప్పాను. ఇంగ్లీషు మాటకు తెలుగు మాట దొరికినప్పుడు నా సంతోషం ఏం చెప్పను! పియానో, చెరువు, వెలుతురు అన్నీ చెప్పాను. అమ్మ విని అడిగింది:

"తలుపులు మందంగా ఉంటాయా?"

"అదేం ప్రశ్నమ్మా?"

"ఊరికే. గదిలోంచి పొయ్యి కనపడుద్దా?"

"హోటల్లో పొయ్యి ఎక్కడో ఉంటుంది. మనం చూడం."

"అదీ" అంది. కళ్ళు వెలిగాయి. పియానోకు వెలగని కళ్ళు పొయ్యి కనపడదంటే వెలిగాయి!

నాకు అర్థం కాలేదు. సరే, ఊరి చరిత్ర చెబుదామని గోల్కొండ సంగతి ఎత్తుకున్నాను. కోట వాకిలి దగ్గర నిలబడి చప్పట్లు కొడితే కొండ కొసన రాజుగారి మేడలో వినిపిస్తుందట. శత్రువు వచ్చినా, కబురు వచ్చినా కింద కాపలావాడు చప్పట్లు కొట్టేవాడట. నేను చేతులు చరిచి మరీ చూపించాను.

అమ్మ కూర తిప్పుతున్న గరిట ఆపింది. "ఆ రాజు పెళ్ళాం ఎప్పుడు నిద్రపొయ్యిందో, పాపం" అంది.

నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. అప్పుడు చూశాను అమ్మ ముఖం. రోజూ చూసే ముఖమే. కానీ కళ్ళ కింద ఆ నలుపు మన చిన్నప్పటినుంచీ ఉన్నదే కాబట్టి, అది అమ్మ రంగే అనుకున్నాం మనం.

అక్కా, కాల్‌మ్యాన్ చెంగయ్య తట్టే తలుపు చప్పుడు నీకూ నాకూ జోలపాట లాంటిది. ఇంజను డ్రైవరుకు వేళాపాళా లేదు కదా. బండికి రెండు గంటల ముందు చెంగయ్య లాంతరు, పుస్తకం పట్టుకుని వచ్చి తలుపు తడతాడు. నాయన సంతకం పెడతాడు. అమ్మ అప్పటికప్పుడు అన్నం వండి, కూర చేసి, నాయన డ్యూటీకి తీసుకుపోయే లైను బాక్సులో కట్టిపెడుతుంది. మనం అటు తిరిగి పడుకునేవాళ్ళం. అంతే మనకు తెలిసింది. మిగతాది అమ్మ చెప్పింది.

"తట్టినాక లేస్తే అన్నం యాడ ఉడుకుద్దే? అందుకని తట్టకముందే మెలకువొచ్చేది. మొదట్లో బలవంతాన లేసేదాన్ని. తర్వాత వొంటికి పట్టింది. మీ నాయనకు రెస్టు దినమైనా అంతే. హెబ్రోను తలుపు తట్టినా, ఆ పక్కోళ్ళ తలుపు తట్టినా, లేసి కూచ్చుంటా. పెళ్ళి కాకముందు మా వూళ్ళో సముద్రం పక్కన పండుకునేదాన్ని. సముద్రం తెల్లార్లూ అరస్తానే ఉంటది గానీ ఎవుర్నీ లేపదు. ఆ నిద్ర మళ్ళా యెరగను."

"మార్చి తర్వాత ఎవరూ తట్టరు కదమ్మా?"

"తట్టరు. అయినా నా పొయ్యి, నా చేట కనపడే యింట్లో నాకు నిద్ర రాదే. ఇంకో గడియకి తడతారని చూస్తానే ఉంటాది వొళ్ళు. నాది కాని ఇల్లు, నేను చెయ్యాల్సిన పని లేని ఇల్లు కావాల. ఒక్క దినం."

"అక్క దగ్గరికి పోరాదా?"

"బాగుండాది! వియ్యాలోరింట్లో పొద్దెక్కినాక లేస్తే కొండమ్మకు మాట రాదూ?"

నాయనతో ఈ మాట చెప్పమన్నాను. అమ్మ గరిట వదిలేసి నా చెయ్యి పట్టుకుంది. "చెప్పబాక. రైలు తోలేదే ఆయన గొప్ప. ఆ గొప్పే నాకు కునుకు లేకుండా చేసిందని తెలిస్తే, దిగిపొయ్యే దినాల్లో ఆయన మనసు ఇరగదా? నామీద ఒట్టు పెట్టు."

పెట్టాను. నీకు చెప్పవద్దని అనలేదు కాబట్టి నీకు రాస్తున్నాను. తిరుగు ప్యాసింజరులో మహల్, దర్బారు, పియానో అన్న మాటలను ఒకవైపు పెట్టి, నిద్ర అన్న మాటను ఒకవైపు పెట్టి చూశాను. నా చెయ్యి ఒకవైపే దిగిపోయింది. మళ్ళీ మూడు హోటళ్ళకూ రాస్తున్నాను. ఈసారి ఒకటే ప్రశ్న: మీ హోటల్లో ఎవరైనా తలుపు తడతారా?

నీ
మస్తానమ్మ

*

బిట్రగుంట,
3 ఏప్రిల్ 1961.

అక్కా, నా ఒట్టులో భాగస్తురాలా,

పరీక్షలు అయిపోయాయి. బాగానే రాశాను. ఇప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాను.

జవాబులు వచ్చాయి, నవ్వుకో. రాయల్ దర్బారు వాళ్ళు ఇట్లా రాశారు: "తెల్లవారగానే పడక టీతోను, పిమ్మట వేణ్ణీళ్ళతోను, పిమ్మట వార్తాపత్రికతోను, బూట్లు తుడుచుటకును మా సేవకులు తలుపు తట్టుదురు. తట్టలేదన్న ఫిర్యాదు మా హోటలుపై నేటివరకు లేదు." పాపం, ఎంత గర్వమో! లేక్ మౌంటు వాళ్ళు గదిలో మీట ఉందని, నొక్కితే మనిషి వస్తాడని, నొక్కకపోయినా "అతిథి సౌఖ్యము విచారించుటకు" అప్పుడప్పుడూ వస్తూనే ఉంటాడని రాశారు. వార్డెనుగారి లేక్ మౌంటు కూడా పోయింది.

గుల్షన్ మహల్ నుంచి జవాబు చేత్తో రాసి ఉంది. మేనేజరుగారు ముసలాయన అయి ఉంటారు, అక్షరాలు వణికాయి. "మా తలుపులు టేకువి. గుబ్బకు తగిలించుటకు ఒక అట్ట ఇస్తాము. అది తగిలించి ఉన్నంతసేపు మేము తట్టము, సాక్షాత్తు నవాబుగారే లేచి వచ్చినా తట్టనివ్వము. తమ తల్లిగారు ఎంతసేపు నిద్రించదలచారు?" చదివి, మళ్ళీ మొదటినుంచి చదివాను. అమ్మను ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు, అక్కా. నువ్వూ నేనూ కూడా.

అమ్మకు చదివి వినిపించాను. "ఎంతసేపని రాయమంటావమ్మా?" అన్నాను.

"వాళ్ళకు ఇబ్బంది లేనంత సేపని రాయి" అంది.

కానీ నాయన సాగనివ్వలేదు. ఖర్చు సంగతని నేను రాయను. ఆయన మనసులో ముల్లు వేరు. "హెబ్రోను పెద్దకొడుకు హైదరాబాదులో లాలాగూడ షెడ్డులోనే పని చేస్తుండాడు. క్వార్టర్సు ఉండాది. పోవాలంటే పోతాం, రావాలంటే వస్తాం. నవాబుల బంగళా మనకెందుకే? నేను పెట్టలేని సుఖాలు పుస్తకంలో చూసి నేర్పించినావా మీయమ్మకు?" అని నా మీద పడ్డాడు. నాలుక చివర దాకా వచ్చింది నిజం. గుమ్మంలోంచి అమ్మ చూస్తోంది. మింగేశాను. "సరే, లాలాగూడకే పోదాం" అంది అమ్మ, చేటలో బియ్యం చెరుగుతూ. అంత తేలిగ్గా అంది. అక్కడా షెడ్డు పక్కనే ఇల్లు, అక్కడా తెల్లవారితే తట్టే తలుపు! గుల్షన్ మహల్ కాగితం నేను నా పుస్తకాల పెట్టెలో అడుగున పెట్టేశాను. ఆ బొమ్మలోని తలుపు మూసుకుపోయినట్టే అనిపించింది.

ఇంతలో శుక్రవారం వచ్చింది, నాయన ఆఖరి బండి. బెజవాడ నుంచి తెచ్చి నిలబెట్టాడు. ప్లాట్‌ఫారం మీద బంతిపూల దండలు, పటాసులు. ఇంజను ముఖానికి కూడా దండ వేశారు. షెడ్డు మనుషులంతా చుట్టూ చేరారు. హెబ్రోను చిన్నాయన బల్ల ఎక్కి ఉపన్యాసం ఇవ్వబోయి, ఏడుపు వస్తుందని భయపడి ఎగతాళికి దిగాడు.

"జయరామన్నా! జీవితమంతా బొగ్గు తింటివి, పొగ తాగితివి. ఇప్పుడు హైదరాబాదుకు పోతివంటే యాడ పండుకుంటావు? మళ్ళా మన డ్రైవర్ల రన్నింగు రూములోనేనా? దుప్పటి కప్పుకోని, బూట్లు తలకింద పెట్టుకోని?"

అందరూ గొల్లుమన్నారు. "మామూలు మంచం మీద ఆయనకు నిద్ర పట్టదబ్బా, కింద చక్రాలుండాల!" అని ఇంకెవరో అన్నారు. నాయన మెడలోని దండలు సర్దుకుని, ఛాతీ విరిచి అన్నాడు:

"ఏందిరా నవ్వేది? నేనూ నా పెళ్ళామూ నవాబు బంగళాలో దిగతాం. గుల్షన్ మహల్. టేకు తలుపులు. రాస్కోండి!"

తర్వాత ఈలలు! చెంగయ్య లాంతరు ఎత్తి ఊపాడు. నలుగురిలో అన్న మాట నాయన వెనక్కు తీసుకోడని నీకు తెలుసు. ఇంటికి వచ్చే దారిలో మాత్రం నా వైపు చూడకుండా, "ఆ కాగితం యాడుంది? రాసెయ్యి వాళ్ళకి" అన్నాడు. ఇంకా ముల్లు పోలేదు. గొంతులో ఉంది. అయినా అమ్మ వెనకనుంచి నా జడ పట్టుకుని మెల్లిగా లాగింది, చిన్నప్పుడు పండక్కి పావడా తెచ్చారని రహస్యంగా చెప్పేటప్పుడు లాగినట్టు.

పదిహేడున బయలుదేరుతున్నాం.

నీ
మస్తానమ్మ

*

గుల్షన్ మహల్,
హైదరాబాదు.
19 ఏప్రిల్ 1961, సాయంత్రం.

అక్కా, నా బంగారు అక్కా,

ఇది హోటలు వాళ్ళ కాగితమే. పైన చిన్న గులాబీ అచ్చు వేసి ఉంది చూడు. బొమ్మలో ఉన్న ఆ పొడుగాటి వసారాలోనే కూర్చుని రాస్తున్నాను. తలుపు అవతల నిజంగా తోట ఉంది. ఇక్కడ మాట్లాడటానికి లేదు, గుసగుసలు కూడా నాయన ఒప్పుకోవడం లేదు. కాబట్టి ఉత్తరమే గతి. మొదటినుంచీ చెబుతాను.

బెజవాడలో బండి ఎడమకు తిరిగినప్పుడు నాయన కిటికీలోంచి తల బయటపెట్టి, పట్టాలను చూస్తూ కాజీపేట దాకా లోపలికి తీయలేదు. నిన్న సాయంత్రం ఇక్కడికి చేరాం. తెల్లటి బంగళా, పాతబడిపోయి, చందమామ కథలో మేడలాగా ఉంది. గచ్చు చల్లగా ఉంది. గదిలో మంచానికి దోమతెర దిగవేసి ఉంటే తెల్లటి మబ్బులో పడుకుంటామా అనిపించింది. నాకు పక్కనే, మధ్య తలుపుతో, ఒక చిన్న గది. అమ్మ గుమ్మంలో చెప్పులు వదిలి, మంచం మీద అరచెయ్యి ఆనించి, "మస్తానమ్మా, దీనిమీద పండుకోవచ్చునంటావా?" అంది. మేనేజరుగారు నిజంగానే ముసలాయన. అట్ట తీసుకొచ్చి అమ్మ చేతికే ఇచ్చారు, దేవుడి ప్రసాదం ఇచ్చినట్టు. అమ్మ దాన్ని తనే గుబ్బకు తగిలించి, నిలబడి చూసుకుంది.

నాయన మాత్రం బిగదీసుకుని ఉన్నాడు. ఒక్కదానికీ బాగుందనలేదు. పడుకోబోయే ముందు గుమాస్తా దగ్గరికి పోయి వచ్చాడు. ఏం చేశాడో మాకు పొద్దున గానీ తెలియలేదు. గుమాస్తా మర్యాదకు "రేపటికి ఏమైనా ఆజ్ఞ ఉందా?" అని అడిగాడట. నాయన అలవాటుకొద్దీ, "నాలుక్కి కాల్ ఇయ్యి. పుస్తకం తే, సంతకం పెడతా" అన్నాడట. పాపం, ఆ గుమాస్తా ఏ పుస్తకమో తెలియక, వచ్చినవాళ్ళ పేర్లు రాసే పుస్తకమే మళ్ళీ తెచ్చి ఇచ్చాడు. నాయన అందులో రెండోసారి సంతకం చేసి వచ్చాడు. అంతటితో ఆగలేదు. గుబ్బకు అట్ట ఉంటే వాడు లేపడేమోనని దాన్ని తీసి జేబులో వేసుకుని పడుకున్నాడు.

తెల్లవారుజామున టేకు తలుపు మీద చప్పుడైంది.

నాకు మెలకువ వచ్చేసరికి అమ్మ గొంతు వినిపిస్తోంది. "వస్తుండాడు పో చెంగయ్యా, లేపతా." నేను పరుగెత్తుకుని వచ్చి దీపం వేశాను. అమ్మ కొంగు బిగించింది, జుట్టు ముడి వేసింది. దోమతెర ఆమె భుజం మీద చిక్కుకుని వెంట వస్తోంది. గోడ బీరువా తలుపు తీసి లోపల తడుముతోంది. "బియ్యం డబ్బా యాడ పెట్టినానే? పొయ్యి ఏమాయె?" అంటోంది. మెలకువలో ఉన్న మనిషిలాగే గబగబా అంటోంది, కానీ కళ్ళు ఇంకా బిట్రగుంటలోనే ఉన్నాయి. "అమ్మా" అన్నాను. వినలేదు. మంచం దగ్గరికి పోయి నాయన కాలి బొటనవేలు పట్టుకుని కదిలించింది. "ఏమయ్యా, కాల్ వచ్చింది, లెయ్యి."

అక్కా, నాయన అప్పటిదాకా గుర్రు పెడుతూనే ఉన్నాడు! తను చెప్పించుకున్న పిలుపు, తన కోసం తట్టిన తలుపు, ఆయన చెవినే పడలేదు.

కళ్ళు నులుముకుని లేచి, వెలుతురులో అమ్మను చూశాడు. నడుముకు దోపిన కొంగు, తెరిచిన బీరువా, భుజాన వేలాడే దోమతెర. అమ్మకు అప్పుడు స్పృహ వచ్చింది. చుట్టూ చూసి, తివాచీ మీద చతికిలబడి, నవ్వడం మొదలుపెట్టింది. "చూడవే, నవాబు బంగళాలో అన్నం వండబోయినా!"

నాయన నవ్వలేదు. "తలుపు తట్టినారా? నాకు వినపళ్ళేదే" అన్నాడు.

"నువ్వెప్పుడు విన్నావయ్యా?" అంది అమ్మ, నవ్వు ఆగకుండానే. ఇందులో దెప్పు లేదు అక్కా, నామీద ఒట్టు, నేను విన్నాను.

"ఎప్పుడూ విన్లేదా?"

"ఒక్క తూరి గూడా ల్యా. చెంగయ్య తట్టేది నాకు. నిన్ను లేపేది నేను."

నాయన మంచం అంచున కూర్చుని ఉండిపోయాడు. ఆయన ముఖంలో లెక్కలు తిరుగుతున్నట్టు కనిపించింది, సిగ్నలు దాటిపోయిన తర్వాత అది గుర్తుకు వచ్చిన మనిషిలాగా. అమ్మ వైపు కాకుండా నా వైపు చూసి అడిగాడు. "హోటలు కావాలన్నది ఇందుకా?"

ఒట్టు ఉంది కదా, నేను నోరు విప్పలేదు. విప్పనక్కరలేకపోయింది. అమ్మ లేచి బీరువా తలుపు మూసి, "అదేం లేదబ్బా, ఊరికే, గొప్పోళ్ళ మంచం చూద్దామని..." అంది. అబద్ధం చెప్పేటప్పుడు అమ్మ కొంగు కొస నలుపుతుంది. నలిపింది.

నాయన ఆమె చేతిలోంచి ఆ కొంగు కొస మెల్లిగా విడిపించాడు. "పండుకో శేషమ్మా" అన్నాడు.

"చార్మినారుకు బండి వస్తది గదా?"

"చార్మినారు యాడికీ పోదు. పండుకో."

ఆయన దీపం ఆర్పి, నన్ను బయటికి రమ్మని సైగ చేశాడు. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు. జేబులోంచి అట్ట తీసి గుబ్బకు తగిలించి, అది ఊగకుండా చేత్తో పట్టుకుని ఆపాడు. వసారాలో ఉన్న పేము కుర్చీ ఎత్తి తెచ్చి, తలుపుకు అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. నాకు అర్థమైంది. నేను కింద గచ్చు మీద కూర్చున్నాను.

అప్పటినుంచి ఇదే డ్యూటీ. గుమాస్తాకు నాయన చెప్పిన కాల్ సంగతి ముసలాయన దాకా పోయినట్టుంది, మాటకు ద్రోహం జరిగిందని ఆయన చేతులు నలుపుకుంటూ వచ్చారు. నాయన లేచి ఆయనకు నమస్కారం పెట్టి, "తప్పు మీది కాదు సార్, సంతకం నాది" అన్నాడు. తెల్లగా తెల్లవారాక బేరరు టీ పళ్ళెం పట్టుకుని వచ్చాడు. నాయన కుర్చీలోంచి కదలకుండా ఎర్రజెండాలాగా చెయ్యి అడ్డం పెట్టాడు. "లైన్ క్లియర్ నై" అన్నాడు, బండికి దారి ఇంకా ఇవ్వలేదన్నట్టు. బేరరు అర్థమైనవాడిలా పాదాలు ఎత్తి ఎత్తి వేస్తూ వెనక్కు పోయాడు. ఊళ్ళోకి తీసుకుపోయే బండివాడు వచ్చాడు, వాడినీ పంపేశాడు. తోటమాలి బకెట్టు చప్పుడు చేస్తే ఆయన తోటలోకి నడిచిపోయి, తనే నీళ్ళు మోసి ఇచ్చాడు. నేను నవ్వు ఆపుకోలేక పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

మధ్యాహ్నం ఎండ వసారాలోకి వచ్చి, మా కాళ్ళ దగ్గర కాసేపు పడుకుని, మళ్ళీ తోటలోకి పోయింది. ఒకసారి నేను తలుపు సందులోంచి చూశాను. అమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. ఒక చెయ్యి మంచం మీదనుంచి జారి కిందికి వేలాడుతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఎప్పుడూ ఒత్తిగిలి, ఒక చెవి పైకి పెట్టుకుని పడుకునే మనిషి! ఆమె ముఖం నాకు తెలియదనిపించింది, అక్కా. పెళ్ళి కాకముందు సముద్రం పక్కన పడుకున్న పిల్ల అట్లా ఉండేదేమో. మన ఇద్దరికీ తెలియని పిల్ల.

నాయన నన్ను పిలిచి చెవిలో అడిగాడు: "మస్తానమ్మా, ఆ గోల్కొండలో కింద చప్పట్లు కొడితే పైన రాజు లేసేవాడని నిన్న రైల్లో చదివినావు గదా."

"అవును నాయనా."

"పుస్తకం తప్పు. రాజు లేసుండడు. ఆమె లేపుంటది."

అమ్మ నాతో ఫిబ్రవరిలో అన్న మాట ఆయనకు నేను చెప్పలేదు. ఆయనంతట ఆయనకే వచ్చింది.

రేపు గోల్కొండ చూస్తామో లేదో తెలియదు. చార్మినారు చూశారా అని బావగారు అడిగితే, నవాబుల ఊళ్ళో ఒక వసారా, ఒక టేకు తలుపు బాగా చూశామని చెప్పు. ఇంతకన్న ఎక్కువ రాద్దామంటే, ఇన్నాళ్ళు పోగుచేసుకున్న నా మాటలేవీ చేతికి రావడం లేదు.

ఇప్పుడే దూరంగా ఎక్కడో రైలు కూత వేసింది. నాయన కుర్చీలోంచి సగం లేచాడు. కూతను బట్టి ఇంజను ఏ జాతిదో చెప్పగలిగిన మనిషి, ఆఖరి బండి దిగిన నాటినుంచి ఏ కూత విన్నా కళ్ళు చెమర్చుకునే మనిషి, తలుపు వైపు ఒకసారి చూసి, ఆ కూత వచ్చిన దిక్కుకు తిరిగి చెయ్యి ఊపాడు.

"మెల్లంగా పో నాయనా" అన్నాడు దానితో, గుసగుసగా. "మెల్లంగా పో."

అమ్మ ఇంకా లేవలేదు.

నీ చెల్లెలు
మస్తానమ్మ